కడుపు జారడమంటే ఏమిటి?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉంటే, ఆ ఇంటి గుమ్మం తొక్కిన ప్రతి పెద్దావిడా ముందు ఆ పిల్ల ముఖం చూడదు, పొట్ట చూస్తుంది. "ఇంకా జారలేదే, టైముందిలే" అంటుంది ఒకావిడ. "కాదొదినా, కిందికి వచ్చేసింది. ఈ వారం దాటదు చూడు" అంటుంది ఇంకొకావిడ. పాపం ఆ పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, ఎవరి మాట నమ్మాలో తెలియక తన పొట్ట తనే తడుముకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఇదే వరస. మా పెద్దమ్మాయికి తొలిచూలు. తొమ్మిదో నెల వచ్చింది, పుట్టింటికి తీసుకొచ్చుకున్నాం. మొన్న పరీక్షకి తీసుకెళితే నర్సమ్మగారు పొట్ట తడిమి చూసి, "తల దిగుతోందమ్మా, ఇంకా పూర్తిగా కూర్చోలేదు" అన్నారు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుందో లేదో మా అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది. "అమ్మా, తల ఎక్కడికి దిగుతుంది? ఎందులో కూర్చుంటుంది? దిగకపోతే ఆపరేషన్ చేసేస్తారా?" అని.

నేను ఇద్దరు బిడ్డల్ని కన్నదాన్ని. అయినా గబుక్కున జవాబు చెప్పలేకపోయాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. కానీ తెలియనిది అడగడానికి చదువుతో పని లేదు కదండీ! మాకు తెలిసిన డాక్టరమ్మగారి దగ్గర కూర్చుని అడిగాను, ఆవిడ చూపించిన పుస్తకంలో బొమ్మలు చూశాను. తెలుసుకున్న సంగతులు మా అమ్మాయితో పాటు మీకూ చెబుదామని ఈ ప్రసంగం. ఇంకో కారణం కూడా ఉంది. ఈ కడుపు జారడం గురించి సగం సగం తెలిసి ఉండటం వల్ల నేను ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

అడుగు లేని గిన్నె

ముందుగా బిడ్డ దిగే చోటు ఎలా ఉంటుందో చూద్దాం. మన నడుము కింద ఎముకలన్నీ కలిసి ఒక గిన్నెలాగా ఏర్పడి ఉంటాయి. దీన్ని కటివలయం అంటారు. అటూ ఇటూ రెండు తుంటి ఎముకలు. వెనక వెన్నెముక చివర ఉండే వెడల్పాటి ఎముక, దాని కింద తోకలా చిన్న ఎముక. ముందు, పొత్తికడుపు కింద చేత్తో నొక్కితే గట్టిగా తగిలే ఎముక. ఇదే ఆ గిన్నె. అయితే ఈ గిన్నెకి అడుగు లేదు. పైన ఒక నోరు, కింద ఒక నోరు. కింది నోటిని కండరాలు ఉయ్యాల గుడ్డలా పట్టి ఉంచుతాయి.

మామూలప్పుడు గర్భసంచి మన పిడికిలంత ఉండి ఈ గిన్నెలోనే ఒదిగి ఉంటుంది. కడుపు పడ్డాక పెరుగుతూ పెరుగుతూ గిన్నె అంచు దాటి పైకి వస్తుంది. అయిదో నెల దాటేసరికి బొడ్డు దాకా, 36 వారాలకి రొమ్ము ఎముక కింది కొస దాకా వచ్చేస్తుంది. అంటే అన్ని నెలలూ బిడ్డ పైకి పైకి ఎదిగింది. ఇప్పుడు వచ్చిన దారినే కిందికి దిగాలి. బిడ్డ తలలో అన్నిటికంటే వెడల్పయిన భాగం ఈ గిన్నె పై నోరు దాటి లోపలికి వస్తే, దాన్నే తల కూర్చుంది అంటారు డాక్టర్లు. మన పెద్దవాళ్లు కడుపు జారింది అంటారు. కుండ కుదురులో కూర్చున్నాక ఇక అటూ ఇటూ దొర్లనట్టే, తల కూర్చున్నాక బిడ్డ అడ్డం తిరిగే అవకాశం చాలావరకు పోతుంది.

బిగువు గాజు ఎలా తొడుగుతారు?

"ఇంత తల అంత ఇరుకు దారిలో ఎలా పడుతుందమ్మా?" అని మా అమ్మాయి భయం. దీనికి మన చేతి గాజే జవాబు.

బిగువు గాజులు వేయించుకునేటప్పుడు మనం ఏం చేస్తాం? అయిదు వేళ్లూ చాపి పెడితే గాజు ఎక్కదు. బొటనవేలు లోపలికి ముడిచి, వేళ్లు దగ్గరగా చేర్చి, చెయ్యి సన్నం చేస్తాం. గాజుల మల్లారం నెమ్మదిగా తిప్పుతూ ఎక్కిస్తాడు. కడుపులో బిడ్డ చేసేదీ అచ్చంగా ఇదే. గడ్డాన్ని రొమ్ముకి ఆనించి తల ముడుచుకుంటుంది. తల నిటారుగా పెట్టుకుంటే నుదుటి నుంచి వెనక దాకా కొలత 11 సెంటీమీటర్ల పైన ఉంటుంది. గడ్డం ముడిచి నడినెత్తి ముందుకు పెడితే అది సుమారు 9.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అటు వైపు నుంచి ఇటు వైపుకు తల వెడల్పు కూడా సుమారు 9.5 సెంటీమీటర్లే. తల్లి ఎముకల గిన్నె పై నోరు ముందు నుంచి వెనక్కి సుమారు 11, అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు. లెక్క చూసుకుంటే దారి సరిపోతుందన్నమాట. సన్నగా, పొట్టిగా ఉన్న తల్లి కొలతలు కాస్త తక్కువుంటే, సాధారణంగా ఆమె బిడ్డా కొంచెం చిన్నగానే ఉంటుంది.

ఇంకో విచిత్రం ఉంది. పై నోరు అడ్డంగా వెడల్పు, కింది నోరేమో ముందు వెనకలుగా వెడల్పు. అందుకని బిడ్డ లోపలికి దిగేటప్పుడు తల్లి తుంటి వైపుకి ముఖం పెట్టి దిగుతుంది. బయటికి వచ్చేటప్పుడు తల్లి వెన్ను వైపుకి ముఖం తిప్పుకుంటుంది. పెద్ద మంచాన్ని చిన్న గుమ్మంలోంచి దాటించాలంటే ఒక మూల వాల్చి, ఇటు తిప్పి, అటు తిప్పి దాటిస్తాం చూడండి, అలాగే. ఎవరూ నేర్పకుండానే బిడ్డ ఈ మలుపులన్నీ తిరుగుతుంది.

పైగా బిడ్డ పుర్రె ఎముకలు అప్పటికి అతుక్కుని ఉండవు. పసిబిడ్డ నెత్తి మీద మాడు మెత్తగా కొట్టుకోవడం మీరందరూ చూసే ఉంటారు. ఆ సందులు అందుకే ఉన్నాయి. దారి ఇరుకైన చోట ఎముకలు కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి జరిగి తల సన్నబడుతుంది. పుట్టిన కొత్తలో కొందరు పిల్లల తల సాగినట్టు ఉండటం దానివల్లనే. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది. దాన్ని గుండ్రం చెయ్యాలని ఒత్తకూడదు సుమా!

ఎందుకు దిగుతుంది?

బిడ్డ బరువుకి తనంతట అదే జారుతుందని చాలామంది అనుకుంటారు. బరువు ఒక్కటే కాదు. ఆఖరి వారాల్లో గర్భసంచి కింది భాగం పలచబడి, సాగి, తలకి చోటిస్తుంది. ఒంట్లో ఊరే కొన్ని రసాల వల్ల ఎముకల కీళ్లని పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు వదులవుతాయి. వీటికి తోడు గర్భసంచి అప్పుడప్పుడు గట్టిపడి మళ్లీ మెత్తబడుతుంది. వీటినే మనం దొంగ నొప్పులంటాం. బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1872లో వీటి గురించి వివరంగా రాశాడు కాబట్టి ఇప్పటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. మనకి దొంగ నొప్పులైనా, బిడ్డని కొద్దికొద్దిగా దారిలోకి నెట్టే పని ఇవీ చేస్తాయి.

తొలిచూలు ఆడపిల్లకి పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి. అవి బిడ్డని కిందికి అదిమి పెడతాయి. అందుకే తొలికాన్పు వాళ్లలో ఎక్కువ మందికి కాన్పుకి రెండు మూడు వారాల ముందు, అంటే 36 వారాలు దాటాక, తల దిగడం మొదలవుతుంది. ఇది ఒక్క రోజులో జరగొచ్చు, లేదా తెలియకుండా నిదానంగా జరగొచ్చు.

దిగిన సంగతి ఎలా తెలుస్తుంది?

ముందు తెలిసేది ఊపిరి. అప్పటిదాకా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రెండు ముద్దలు తింటే గుండెల్లో మంట. పడుకుంటే ఊపిరాడనట్టు ఉండటం. ఒక రోజు పొద్దున్న లేచేసరికి పై కడుపు తేలికయినట్టు ఉంటుంది. హాయిగా ఊపిరి తీసుకోవచ్చు, నాలుగు ముద్దలు ఎక్కువ తినొచ్చు. రొమ్ము కిందికీ పొట్టకీ మధ్య అరచెయ్యి పట్టేంత చోటు కనబడుతుంది.

అయితే పైన తీరిన బాధ కిందికి దిగుతుంది. ఇప్పుడు తల మూత్రాశయం మీద కూర్చుంది కదా, గంటకోసారి పెరట్లోకి పరుగు. రాత్రి నాలుగు సార్లు లేవాలి. నడిస్తే కాళ్ల మధ్య ఏదో అడ్డం పడ్డట్టు ఉండి బాతు నడక వస్తుంది. నడుము కింద లాగుతుంది. తొడల్లోకి కరెంటు కొట్టినట్టు చుర్రుమంటుంది. తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావచ్చు. ఇవన్నీ మామూలే. మంట, దురద, దుర్వాసన ఉంటే మాత్రం మామూలు కాదు, చూపించుకోవాలి. మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందని కొందరు మంచినీళ్లు తాగడం మానేస్తారు. అది పొరపాటు. పగలు బాగా తాగి, రాత్రి పడుకోబోయే ముందు కొంచెం తగ్గించండి. మూత్రం బిగబట్టవద్దు. మూత్రాశయం నిండుగా ఉంటే తల దిగడానికి అదే అడ్డం.

ఇక్కడ ఒక్క మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి. "తల దిగాక బిడ్డ కదలదు" అని ఊళ్లో ఒక మాట ఉంది. అది నిజం కాదు. చోటు తగ్గుతుంది కాబట్టి గంతులు తగ్గి పొర్లినట్టు, తోసినట్టు అనిపించవచ్చు గానీ, కదలికలు ఆగవు. నొప్పులు వచ్చేదాకా, నొప్పులలోనూ బిడ్డ కదులుతూనే ఉంటుంది. రోజూ తెలిసే కదలిక తగ్గిందనిపిస్తే, తల దిగింది కాబట్టిలే అని సరిపెట్టుకోకండి. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నర్సమ్మ వేళ్ల లెక్క

పొట్టని చూసి చెప్పేది కంటి అంచనా. నర్సమ్మ చేత్తో తడిమి చెప్పేది లెక్క. పొట్ట మీద నాలుగు రకాలుగా చేతులు వేసి, పైన పిర్రలున్నాయా, వీపు ఏ పక్కనుంది, కింద తలే ఉందా, అది కదులుతోందా అని చూస్తారు. జర్మనీ డాక్టరు లియోపోల్డ్ 1894లో చెప్పిన పద్ధతి ఇది. ఎన్ని యంత్రాలొచ్చినా ఈనాటికీ దీన్నే వాడుతున్నారు.

ముందున్న ఎముక పైన తల ఎంత అందుతోందో అయిదు వేళ్లతో చూస్తారు. తల మొత్తం పైనే అందుతుంటే 5/5 అని రాస్తారు. అంటే ఇంకా తేలుతోంది. 3/5 అంటే దిగుతోంది. 2/5 గానీ అంతకంటే తక్కువగానీ అందుతుంటే తల కూర్చున్నట్టు. నొప్పుల సమయంలో లోపలి పరీక్ష చేసి ఇంకో లెక్క చెబుతారు. ఎముకల గిన్నె లోపల అటూ ఇటూ రెండు చిన్న మొనలుంటాయి. తల ఆ మొనల దాకా వస్తే సున్నా. పైన ఉంటే మైనస్, కిందికి దిగితే ప్లస్. ఈసారి మీ కార్డు మీద ఇలాంటి అంకెలు కనబడితే భయపడకుండా, "మా బిడ్డ తల ఎంత దిగిందమ్మా?" అని అడగండి. అడిగితే చెబుతారు. మన ఒంటి సంగతి మనం అడగడంలో తప్పు లేదు.

నా రెండో కాన్పు

ఇక నా సంగతి. మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలలో పొట్ట జారడం అందరికీ స్పష్టంగా కనిపించింది. మా అత్తయ్యగారు చూసి, "ఇంక పదిహేను రోజులే" అన్నారు. సరిగ్గా పదిహేను రోజులకే కాన్పయింది. ఇంట్లో అందరికీ ఆవిడ లెక్క మీద గురి కుదిరింది, నాకైతే మరీను.

రెండోవాడు 2004లో, వానాకాలం. నెలలు నిండాయి గానీ పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. ఒక రాత్రి తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. మా వారు బండి మాట్లాడతానన్నారు. "పొట్ట జారందే కాన్పెక్కడిది? ఇవి దొంగ నొప్పులు" అన్నారు అత్తయ్యగారు. నేనూ అదే అన్నాను. ఆ వానలో అందర్నీ లేపి హడావుడి ఎందుకని, వాము కషాయం తాగి పడుకున్నాను. పదకొండింటికి నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేదు. ఒక్కసారిగా నడుములో ఏదో విరిగినట్టయి కింద బరువు పడింది. అప్పుడు జారింది పొట్ట! పదిహేను రోజుల ముందు కాదు, పదిహేను నిమిషాల ముందు.

అప్పటికి 108 బళ్లు లేవు. అవి మన రాష్ట్రంలో 2005 ఆగస్టులో వచ్చాయి. పక్కింటి వాళ్ల ఆటోలో బయలుదేరాం. ఆస్పత్రి ఇంకా కొంత దూరం ఉందనగా మావాడు ఆటోలోనే పుట్టాడు. అత్తయ్యగారు తన చీర కొంగులో పట్టుకున్నారు. వాడు కేరుమన్నాడు గానీ, నాకు నెత్తురు ఆగలేదు. ఆస్పత్రికి చేరేసరికి నాకు స్పృహ లేదట. వాళ్లు నెత్తురు ఎక్కించి బతికించారు. ఇంకో అరగంట ఆలస్యమయితే ఈ ప్రసంగం చెయ్యడానికి నేను ఉండేదాన్ని కాను.

ఇందులో మా అత్తయ్యగారి తప్పు లేదు. ఆవిడ కళ్లారా చూసిందే చెప్పారు. అయితే ఆవిడ చూసింది తొలికాన్పు. రెండో కాన్పు లెక్క వేరు. డాక్టరమ్మగారు చెప్పేదాకా నాకీ సంగతి తెలియదు. ఒకసారి కన్న తల్లికి పొట్ట కండరాలు వదులవుతాయి. బిడ్డని ముందే కిందికి అదిమే బిగువు ఉండదు. అందుకని మలికాన్పుల్లో చాలామందికి నొప్పులు మొదలయ్యాకే తల దిగుతుంది. దారి ముందే ఒకసారి సాగింది కాబట్టి, దిగడం మొదలయిందంటే త్వరగా అయిపోతుంది. కనుక రెండో, మూడో కాన్పు చెల్లెళ్లకి నేను చేతులు జోడించి చెప్పేది ఇది. పొట్ట జారిందా లేదా అని చూడకండి, నొప్పుల్ని చూడండి. నొప్పులు ఆగి ఆగి ఒక వరసలో వస్తుంటే, నడుము నుంచి ముందుకు పాకుతుంటే, పడుకున్నా నడిచినా తగ్గకపోగా దగ్గర దగ్గరగా, గట్టిగా వస్తుంటే అవి దొంగ నొప్పులు కావు. వెంటనే బయలుదేరండి. అనవసరంగా వెళ్లి వెనక్కి వచ్చినా నష్టం లేదు. ఆటో ఖర్చే కదా!

అలాగే తొలిచూలు వాళ్లు కూడా పొట్ట జారగానే రేపో మాపో అని కంగారు పడనక్కరలేదు. జారిన రోజు నుంచి కాన్పు రోజు లెక్క కట్టడం కుదరదు. కొందరికి నాలుగు వారాలు పట్టవచ్చు, కొందరికి నాలుగు రోజులు. డాక్టరు రాసిన తేదీకే సరిగ్గా కనేవాళ్లు నూటికి నలుగురైదుగురే. 37 వారాలు దాటాక ఎప్పుడైనా రావచ్చని సంచి సర్దుకుని ఉండటమే మన పని.

తల దిగకపోతే?

మా అమ్మాయి మూడో ప్రశ్న ఇది. తొలిచూలులో నెలలు నిండినా తల పైనే ఉందంటే కారణం ఏమిటో డాక్టరు చూడాలి. ఒక్కోసారి కారణం చాలా చిన్నది. మనం చెప్పిన నెలల లెక్క తప్పి ఉండవచ్చు, అంటే ఇంకా టైము రాలేదన్నమాట. బిడ్డ వీపు తల్లి వెన్ను వైపుకి ఉంటే గడ్డం సరిగ్గా ముడుచుకోక తల ఆలస్యంగా దిగుతుంది. కొన్ని కారణాలు మాత్రం చూసి తీరవలసినవి. మాయ కిందికి వచ్చి దారికి అడ్డంగా ఉండటం, ఉమ్మనీరు మరీ ఎక్కువ కావడం, గర్భసంచిలో గడ్డ, కవలలు, లేదా బిడ్డ తలకి తల్లి ఎముకల దారి నిజంగానే చాలకపోవడం. వీటిలో చాలావరకు స్కానింగులో, పరీక్షలో తెలుస్తాయి.

ఈ అడ్డంకులేవీ లేనప్పుడు, తల పైనే ఉన్నంత మాత్రాన ఆపరేషన్ తప్పదనుకోవడం సరికాదు. నొప్పులు మొదలయ్యాక తల దిగి, మామూలుగా కన్నవాళ్లు ఎందరో ఉన్నారు. దారి చాలుతుందా లేదా అన్నది చాలాసార్లు నొప్పులలోనే తేలుతుంది. గాజు ఎక్కుతుందో లేదో తొడిగి చూస్తేనే కదా తెలిసేది! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 జరిగాయి. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనీ కాపాడుతుంది. దాన్ని కాదనకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. అయితే "తల దిగలేదు, ఆపరేషన్" అని ఎవరైనా అంటే, "ఎందుకు దిగలేదండీ? వేరే అడ్డం ఏమైనా ఉందా? నొప్పుల దాకా చూడవచ్చా?" అని మర్యాదగా అడగండి. ఇది ఇంటి పెద్దలు అడగవలసిన మాట. నొప్పులు పడే పిల్ల చేత అడిగించకండి.

నీరు పోతే

తల ఇంకా పైన ఉండగానే ఉమ్మనీరు పోతే మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. తల కూర్చుంటే అది బిరడాలా దారి మూసి ఉంచుతుంది. తల పైన తేలుతున్నప్పుడు సంచి పగిలితే, ఆ నీటి విసురుకి బొడ్డుతాడు తల కంటే ముందు కిందికి జారవచ్చు. తాడు నలిగితే బిడ్డకి నెత్తురు అందదు. ఇది అరుదుగానే జరుగుతుంది గానీ, జరిగితే నిమిషాల మీద పని. అందుకని తల దిగలేదని చెప్పిన వాళ్లు, అడ్డం బిడ్డ, ఎదురుకాళ్ల బిడ్డ ఉన్నవాళ్లు నీరు పోగానే నడవకుండా పక్కకి తిరిగి పడుకుని, 108కి ఫోన్ చేసి వెళ్లాలి. తాడు కనిపించినా, తగిలినట్టు అనిపించినా దాన్ని ముట్టుకోవద్దు, లోపలికి నెట్టవద్దు. బండి వచ్చేదాకా మోకాళ్ల మీద వంగి, తల నేలకి ఆనించి, నడుము పైకెత్తి ఉండాలి. నీరు పచ్చగా గానీ నల్లగా గానీ ఉన్నా, నెత్తురు పడినా, కళ్లు మసకలు కమ్మి తలనొప్పి వచ్చినా, ముఖం ఉబ్బినా ఒక్క క్షణం ఆగకూడదు.

చెయ్యవలసినవి, చెయ్యకూడనివి

తల దిగడానికి మనం బలవంతంగా చెయ్యగలిగింది ఏమీ లేదు. పొద్దున్నా సాయంత్రం హాయిగా నడవండి. ఇంటి పనులు ఓపికున్నంత వరకు చేసుకోండి. మెత్తటి సోఫాలో వెనక్కి జారగిలబడే బదులు, వీపు నిటారుగా ఉంచి కూర్చోండి. పడుకునేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య తలగడ పెట్టుకోండి. కింది బరువు తెలియకుండా నిద్ర పడుతుంది. డాక్టరు ప్రత్యేకంగా విశ్రాంతి చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే వినాలి.

కడుపు జారడానికని నూనె రాసి పొట్టని కిందికి తోయించుకోవడం మాత్రం వద్దు. మాయ ఊడి నెత్తురు పోయే ప్రమాదం ఉంది. ఆముదం తాగితే విరేచనాలయి నీరసపడి, నొప్పులు పడే ఓపిక కూడా పోతుంది. డాక్టరు చెప్పకుండా తాగవద్దు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణీలకి ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో చెబుతుంది.

ఇవన్నీ విన్నాక మా అమ్మాయి కొంత కుదుటపడింది. రాత్రిళ్లు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "గడ్డం ముడుచుకోరా నాన్నా, గాజు బిగువుగా ఉంది" అని బిడ్డతో చెప్పుకుంటోంది. మా అత్తయ్యగారు ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు. మొన్న మా ఇంటికొచ్చిన చుట్టాలావిడ మా అమ్మాయి పొట్ట చూసి, "ఇంకా జారలేదు, టైముందిలే" అంది. వసారాలో కూర్చున్న అత్తయ్యగారు గబుక్కున తల తిప్పి, "జారినా జారకపోయినా ఆ బండి నంబరు గోడ మీద రాసి పెట్టుకోండర్రా" అన్నారు.

గోడ మీద రాశాం. మీరూ రాసుకోండి. సెలవు. నమస్కారం.